గంటసేపు కళ్ళు, తర్వాతే వేలు

ల్యుబ్లియానా,
ఫిబ్రవరి 17, మంగళవారం.

నాన్నకు,

నేజా రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. అక్కడ నీ మోకాలూ, అమ్మ దగ్గూ, మన ముసలి కుక్క బ్రిన్ చెవి పుండూ కాస్త నెమ్మదించి ఉంటాయని తలుస్తాను. సరస్సు మీద ఇంకా మనుషులు నడిచేంత మంచు ఉందట కదా. ఇక్కడ కురిసింది కురిసినట్టే బురదైపోతోంది.

ఫోన్ చేయక ఉత్తరమేమిటంటావు. ఫోన్ చేస్తే నువ్వు రెండో మాటకే "సరే, అమ్మకిస్తున్నా" అంటావు. కాగితాన్ని అలా దాటించలేవు. కళ్ళద్దాలు వెతుక్కుని చివరిదాకా చదవాల్సిందే.

ముందు నా కోపం చెప్పుకోనీ. మొన్న జనవరిలో పందిని కోసే రోజుకి నేను రాలేదు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి. దానికి ఇంట్లో తలొక కారణం కనిపెట్టారు. అమ్మ లెక్కలో నాకిక్కడ ఎవడో దొరికాడు, వాడు ఆకులూ అలములూ తినేవాడు, వాడికోసం నేను మాంసం మానేశాను. "పోనీ వాడు గుడ్డు తింటాడా, గుడ్డయినా తినకపోతే నేనేం వండి పెట్టను" అని నన్ను మూడుసార్లు అడిగింది. గాష్పెర్ అన్నయ్యకి నా చదువు మీద కోపం. అడవుల గురించి నాలుగేళ్ళు చదివి అడవికి పనికిరాకుండా పోయానట. నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయని ఊరంతా చెప్పాడట. నువ్వేమీ అనలేదని అనుకునేదాన్ని. కానీ మూలమీది హోటల్లో నువ్వూ అన్నావట. "దానికిప్పుడు మన చేతుల వాసన పడదు. వేట టోపీ కూడా మేకుకే వదిలేసి పోయింది" అని.

నాన్నా, నాకిక్కడ ఎవడూ లేడు. మాంసం తింటూనే ఉన్నాను, అమ్మ పంపిన నెత్తురు సాసేజీలు రెండు రోజుల్లో ఊడ్చేశాను. అక్టోబరు నుంచి మూడు ఉద్యోగాలు మార్చాను. పుస్తకాల దుకాణం, కాఫీ కొట్టు, ఇప్పుడొక విత్తనాల గిడ్డంగిలో చీటీలు అంటించే పని. ఎక్కడా కాలు నిలవదు. పట్నం నచ్చి కాదు నేనిక్కడ ఉన్నది. నీ చేతుల వాసన పడక కాదు. నా చేతుల వాసన పడక.

ఇది రాయడానికి కారణం కూడా అమ్మే. పోయిన గురువారం ఫోన్లో సాసేజీల సంగతీ, దగ్గు మందు సంగతీ చెప్పి, అదే గొంతుతో, "అన్నట్టు యెర్నెయ్ దగ్గర చేపల కాపలా బిళ్ళ లాగేసుకున్నారే. చేపల టికెట్లమ్మే గదికి తాళం మార్చేశారు. ఇరవై రెండో తేదీ ఆదివారం వేట సంఘం సభలో పేరు కూడా కొట్టేస్తారట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇప్పుడు రోజంతా ఏం చేస్తాడో పాపం" అంది. నేను సరేలే అని ఫోన్ పెట్టేశాను. ఆ రోజు నుంచి చీటీలు తలకిందులుగా అంటిస్తున్నాను.

యెర్నెయ్ మామ నీకు తెలియని మనిషి కాదు. పన్నెండేళ్ళ క్రితం నవంబరులో, చేపలు గుడ్లు పెట్టే నెలలో, వాగు మలుపులో మూడు ట్రౌట్ చేపలు పట్టి దొరికిపోయాడు. పట్టుకున్నది నువ్వే. తెరెజా అత్త మంచంలో ఉండి చేపల చారు కావాలని అడిగిందని చెప్పాడట. "నియమం నియమమే" అని నువ్వు కాగితం రాశావు. నువ్వు రాసింది తప్పని నేను అనడం లేదు. ఆ చలికాలమే అత్త పోయింది. ఆ తర్వాత ఆయన చేపల దొంగ నుంచి చేపల కాపలాదారుగా ఎలా మారాడో నీకంటే నాకు బాగా తెలుసు, ఎందుకంటే మూడు వేసవులు ఆయన టికెట్ల గదిలో పక్క కుర్చీ నాదే. పర్యాటకుల కోసం నిబంధనల బోర్డు మూడు భాషల్లో రాసింది నేను. దాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మింది ఆయన.

ఒక జర్మను పెద్దమనిషి చేప పట్టుకొచ్చాడొకసారి. యెర్నెయ్ మామ తన తెడ్డు మీది కొలత గాటు పక్కన పెట్టి చూశాడు. ఇరవై ఐదు సెంటీమీటర్లుండాలి, ఒకటి తక్కువ. "అమ్మాయ్, ఈయనకి చెప్పు. ఈ చేప ఇంకా బడికి పోయే ఈడులో ఉంది, ఇంటికి పంపించెయ్యమను" అన్నాడు. నేను చెప్పాను. ఒక్క సెంటీమీటరే కదా అని ఆయన గొణిగాడు. అది నేను మన భాషలో చెప్పేసరికి మామ నవ్వలేదు. "నేనూ ఒకప్పుడు మూడు చేపలే కదా అనుకున్నా. ఆ మూడూ ఇప్పటికీ నా వెనకాలే ఈదుతున్నాయి. అది కూడా చెప్పు" అన్నాడు. అది నేను ఆయనకి చెప్పలేదు. పెద్దమనిషి చేపని నీళ్ళలోకి వదిలేశాడు.

ఇప్పుడు సెప్టెంబరు సంగతి.

మన సంఘానికి ఆ ఏడు ఒకే ఒక్క ఆడ కొండమేకని కొట్టే అనుమతి వచ్చింది. అదీ వట్టిపోయినదాన్ని, వెంట పిల్ల లేనిదాన్ని. సంఘం పెద్దగా నువ్వు దాన్ని నా పేరున రాశావు. పరీక్ష రాసి తుపాకీ లైసెన్సు తెచ్చుకున్నాక నా మొదటి మేక. హోటల్లో ఆ సాయంత్రం ఎవరెవరు ఏమన్నారో నాకు మాట మాటా గుర్తుంది. లుద్విక్ బాబాయి "మేకకి ముందు అర్జీ పెట్టుకుంటావా అమ్మాయ్, మూడు భాషల్లో? నువ్వు మూడో భాషలో క్షమించమని అడిగేలోపు అది ఆస్ట్రియా దాటేస్తుంది" అన్నాడు. బల్లంతా ఘొల్లుమంది. అన్నయ్య ఊరుకుంటాడా. "మా చెల్లి తుపాకీ పడితే మేకలు తలో పుస్తకం తెచ్చుకుని కూర్చుంటాయి. సాయంత్రందాకా ఖాళీయే కదా" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. నువ్వు గ్లాసు తిప్పుతూ కిందికి చూసి నవ్వావు. కొంచెమే. కానీ నవ్వావు.

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం తెల్లవారుతుండగా నువ్వూ నేనూ రాళ్ళవాలు కిందికి చేరాం. అంతకంటే పైకి నీ మోకాలు రానివ్వలేదు. "గంటసేపు కళ్ళు, తర్వాతే వేలు. మరిచిపోకు" అన్నావు. చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూనే పెరిగాను. వట్టిపోయిన మేక అని నీకనిపిస్తే కనీసం గంట చూడు, పిల్ల ఎక్కడో పొదలో పడుకుని ఉండొచ్చు, ఆకలేసినప్పుడు అదే వస్తుంది, అని. నేను తలూపి ఒక్కదాన్నే పైకెక్కాను.

మేక దొరికింది. నున్నటి వీపు, అప్పుడే నలుపెక్కుతున్న బొచ్చు, ఒంటరిగా మేస్తోంది. ఎనిమిది గంటలకల్లా తుపాకులు మూసెయ్యాలన్న నియమం ఉంది కదా, ఆ తర్వాత కొండదారంతా రంగురంగుల సంచులవాళ్ళే. ఆ నియమం బోర్డు మీద రాసింది కూడా నేనే. వేళ మించిపోతోందని గంట ఆగలేదు. ఇరవై నిమిషాలు చూశాను. పిల్ల కనబడలేదు. వట్టిపోయిందే అనుకున్నాను. కొట్టాను.

దగ్గరికి వెళ్ళేసరికి పొదుగు నిండుగా ఉంది.

పక్కనున్న మరుగుజ్జు పైన్ పొదల్లోంచి పిల్ల వచ్చింది. నేను పది అడుగుల్లో ఉన్నా పారిపోలేదు. తల్లి కడుపు కింద మూతి పెట్టి రెండుసార్లు కుమ్మింది, పాలు చేపడానికి కుమ్ముతాయి చూడు, అలా. నేను చప్పట్లు కొట్టాను. రాయి విసిరాను. అప్పుడు పోయింది. నాలుగు నెలల పిల్ల తల్లి లేకుండా చలికాలం దాటదని, ఆ పరిస్థితిలో దాన్ని కూడా అక్కడే కొట్టాలని నాకు తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబే రాశాను. ఆ పని చేయలేదు. చేసిన పని వేరు. పేగులు తీసేటప్పుడు పొదుగు కూడా కోసేశాను. రాళ్ళ కింద పాతేశాను. చేతులకి పాలు అంటుకున్నాయి. గడ్డికి తుడుచుకున్నాను, పోలేదు. జిగటగా, గోరువెచ్చగా.

తర్వాత మేకని నీ దగ్గరికి ఈడ్చుకొచ్చాను. నువ్వు కొమ్ముల మీది గీతలు లెక్కపెట్టి తొమ్మిదేళ్ళన్నావు. పొట్ట కింద చేయి పెట్టి చూశావు. "ఇక్కడ ఇంత వెడల్పుగా కోశావేం?" అని అడిగావు. కత్తి జారిందన్నాను. "మొదటిసారి అలాగే ఉంటుంది" అని లేచి వెళ్ళి పైన్ కొమ్మ విరిచావు. ఒక ముక్క దాని నోట్లో పెట్టావు, ఆఖరి మేతగా. రెండో ముక్క నెత్తుట్లో అద్ది, కత్తి మీద పెట్టి, టోపీ తీసి, వేటగాడి గుర్తుగా నాకు అందించావు. నీ కళ్ళు చెమర్చాయి నాన్నా. పెళ్ళిళ్ళలో కూడా నువ్వలా నిలబడవు. "ఇక మీదట ఎవడైనా నవ్వితే వచ్చి నాకు చెప్పు" అన్నావు. ఆనవాయితీ ప్రకారం ఇద్దరం మేక పక్కన మాట్లాడకుండా కూర్చున్నాం. పైన పొదల్లో ఏదో కదిలిన చప్పుడైంది. గాలి అన్నాను. ఆ వేళ మాట్లాడకూడదని తెలిసీ, నువ్వు అడక్కపోయినా, గాలి అన్నాను.

ఆ కొమ్మ టోపీలో పెట్టుకుని ఊళ్ళోకి దిగాను. లుద్విక్ బాబాయి లేచి చేయి కలిపాడు.

అక్టోబరు రెండో వారానికి ఆ పిల్ల కొండ దిగి బండ్లు నిలిపే చోటికొచ్చింది. చెత్తడబ్బాల దగ్గర తిరిగేది. పర్యాటకుల పిల్లలు దానికి పీకా అని పేరు పెట్టారు, ముక్కు మీద చుక్క ఉందని. బోర్డులో పదకొండో నియమం, జంతువులకు తిండి పెట్టరాదు. ఆ బోర్డుకే ఆనుకుని నిలబడి రొట్టె పెట్టేవాళ్ళు. ఫొటోల్లో నా అక్షరాలు కూడా పడేవి.

ఆ ఆదివారం మన భోజనాల బల్ల గుర్తుందా? ఎవడో పాలిచ్చే తల్లిని దొంగతనంగా కొట్టాడని నువ్వన్నావు. అన్నయ్య, "లోయలో దొంగచేతులు ఇంకెన్నున్నాయి, ఒకటేగా" అన్నాడు. యెర్నెయ్ దగ్గర తుపాకీ ఎక్కడిదిరా అని అమ్మ అడిగింది. "గాలం ఉన్నవాడికి ఉచ్చు దొరకదా?" అన్నాడు. నువ్వు "చూద్దాం" అన్నావు. నేను బంగాళాదుంపలు వడ్డిస్తున్నాను. అప్పుడు చెప్పాల్సింది. గిన్నె కింద పెట్టి ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. నేను అన్నయ్య పళ్ళెంలో ఇంకో రెండు దుంపలు వేశాను.

మీరు చచ్చిన తల్లి కోసం మూడు రోజులు ఉచ్చులూ పొదలూ వెతికారు. ఎలా దొరుకుతుంది? అది మన ఫ్రీజర్లో ఉంది. అమ్మ దాన్ని ఎర్ర ద్రాక్షసారాలో నానబెట్టి వండింది. లుద్విక్ బాబాయి రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఆ మర్నాడే నేను బస్సెక్కాను. టోపీ మరిచిపోయి కాదు వదిలేసింది. పెట్టుకోలేక.

జనవరిలో పీకా చచ్చిపోయింది. కడుపు నిండా రొట్టె. పడవల కొట్టం వెనక దాన్ని చూసినవాడు యెర్నెయ్ మామ. నియమం ప్రకారం చచ్చిన జంతువుని సంఘానికి అప్పజెప్పాలి గనక గోనెలో చుట్టి, బండమంచు మీద స్లెడ్జి లాక్కుంటూ మన గుమ్మందాకా తెచ్చాడు. "చంపినవాడే మోసుకొచ్చాడు" అన్నారట. నియమం పాటించినందుకు ఆయన దొంగయ్యాడు. ఒక్క సెంటీమీటరు తక్కువైన చేపని వెనక్కి పంపే మనిషి, నాన్నా. వాళ్ళు తాళం మార్చినప్పుడు ఆయన తెడ్డు లోపలే ఉండిపోయిందని, అదైనా ఇమ్మని రెండుసార్లు అడిగాడని అమ్మ చెప్పింది.

కాబట్టి నీకు తెలియాల్సింది ఇది. దొంగ ఎవడూ లేడు. పీకా తల్లిని కొట్టింది నేను. తొందరలో, పొరపాటున కొట్టాను, భయపడి దాచాను. దాచినదాని కింద ఒక ముసలాయన నలిగిపోతున్నాడు. నువ్వు నా చదువునీ పట్నాన్నీ తిట్టుకోవడం ఆపి, ఈ సంగతి మనసులో పెట్టుకో.

అమ్మకి దగ్గు తగ్గేదాకా పాలవాళ్ళ దగ్గరికి తెల్లవారుజామున పోనివ్వకు. బ్రిన్ చెవికి నేను రాసే మందు మెట్లకింద అరలో ఉంది.

ఉంటాను.

నీ చిన్నమ్మాయి
నేజా

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి, మళ్ళీ తీశాను. పైన ఒకచోట అబద్ధం రాశాను. కొట్టివేసి రాస్తే నువ్వు గీత కింద చదవడానికి తంటాలు పడతావని ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై నిమిషాలు కాదు. నువ్వు చెప్పినట్టే గంట చూశాను. నలభయ్యో నిమిషంలో పిల్ల పొదలోంచి వచ్చింది. తల్లి నిలబడి ఇచ్చింది, అది తోక ఆడిస్తూ తాగింది, మళ్ళీ పొదలోకి పోయి పడుకుంది. దుర్భిణిలో దాని ముక్కు మీది చుక్క కూడా చూశాను. గంట పూర్తయ్యేసరికి ఏడూ నలభై. ఎనిమిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఖాళీ చేతులతో దిగితే ఆ బల్ల దగ్గర ఏమంటారో, నువ్వు గ్లాసు తిప్పుతూ ఎలా నవ్వుతావో తెలుసు. పొరపాటు కాదు. చూసే కొట్టాను.

ఇంకొకటి. ముప్పై ఏళ్ళుగా మేకల్ని విప్పి చూస్తున్నవాడివి. పొదుగు ఉండాల్సిన చోట అంత వెడల్పు కోత ఎందుకుంటుందో నీకు తెలియదనుకోను. అడగను కూడా.

ఆదివారం ఉదయం ఏడింటి బస్సుకి వస్తున్నాను. యెర్నెయ్ మామ పేరు చదవకముందే లేచి చెబుతాను. లైసెన్సు బల్ల మీద పెడతాను. టోపీ ఇంటి దగ్గర నుంచి నువ్వు తీసుకురా, కొమ్మతో సహా, అదీ అక్కడే పెట్టాలి. పొట్ట కింద చేయి పెట్టి చూసిందెవరని వాళ్ళు అడిగితే, నీ పేరు చెబుతాను.